‘క్యాండిడ్’ అంటే మోడర్నా? ఒక ఇంగ్లిష్ మాట మీద మూడు వారాల కేస్ స్టడీ

తిరుపతిలో హాస్టల్లో ఉంటూ బ్యాంకు క్లర్కు పరీక్షకు చదువుతున్న ఒక అమ్మాయి కేసు ఇది. సొంతూరు చిత్తూరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత డిగ్రీ. మాక్ టెస్టులో వచ్చిన ప్రశ్న: ‘ద మేనేజర్ గేవ్ ఎ క్యాండిడ్ ఆన్సర్ అబౌట్ ద లాసెస్.’ ఇందులో ‘క్యాండిడ్’కు దగ్గరి అర్థం ఏది? ఆప్షన్లు నాలుగు: ఫ్రాంక్, మోడర్న్, సీక్రెట్, లెంగ్తీ. ఆమె పెట్టింది మోడర్న్.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, తప్పు కొట్టేసి పక్కన ‘ఫ్రాంక్’ అని రాయించడం. అలా రాయించిన మాట వారం నిలవదు. ముందు అడగాల్సింది మోడర్న్ ఎందుకు పెట్టావని. ఆమె జవాబు: ‘మా అన్న ఫొటో స్టూడియోలో పని చేస్తాడు మేడమ్. పెళ్లికి ట్రెడిషనల్ అయితే ఒక రేటు, క్యాండిడ్ అయితే ఇంకో రేటు. ట్రెడిషనల్ కానిది మోడర్నే కదా అనుకుంటిని.’

తర్కంలో దోషమేమీ లేదు. ఏడాది పొడుగునా పెళ్లిళ్లు జరిగే ఊరు తిరుపతి. స్టూడియోల బోర్డుల మీద, ప్యాకేజీ కాగితాల మీద ఈ రెండు మాటలూ జంటగానే కనిపిస్తాయి. జంటలో ఒకదాని అర్థం తెలిసి రెండోది తెలియనప్పుడు, ఎవరైనా రెండోదాన్ని మొదటిదానికి వ్యతిరేకం అనుకుంటారు. తెలివైన విద్యార్థులే ఈ పొరపాటు ఎక్కువగా చేస్తారు, ఎందుకంటే ఊహించే అలవాటు ఉన్నది వాళ్లకే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మాట అసలు తెలియకపోవడం వేరు, ఇంకో అర్థంలో గట్టిగా తెలిసి ఉండడం వేరు. మొదటిదైతే విద్యార్థి తటపటాయిస్తాడు, ఆప్షన్ల మధ్య చూపు తిరుగుతుంది. రెండోదైతే టక్కున పెట్టేస్తాడు. ఈ అమ్మాయి టక్కునే పెట్టింది. అలాంటప్పుడు పాత అర్థాన్ని చెరిపేసే ప్రయత్నం దండగ. అన్న ఫోన్ చేసిన ప్రతిసారీ ‘క్యాండిడ్’ వినిపిస్తూనే ఉంటుంది. పాతదాన్ని ఉన్నచోటే ఉంచి, కొత్తదానికి దారి వేయాలి. మాట పుట్టుక చెప్పడం పనికొచ్చేది ఆ దారి వేయడానికే.

మొదటి రోజు: పుట్టుక కాదు, వాడుక

మొత్తం 40 నిమిషాల క్లాసు. అందులో మొదటి 15 నిమిషాలు లాటిన్ ప్రస్తావనే లేదు. వాక్యాలు మాత్రం ఐదు. ‘షీ వాజ్ క్యాండిడ్ అబౌట్ హర్ మిస్టేక్స్.’ ‘లెట్ మీ బి క్యాండిడ్ విత్ యూ.’ ‘వి హ్యాడ్ ఎ క్యాండిడ్ డిస్కషన్.’ ‘హి వాజ్ లెస్ దాన్ క్యాండిడ్ విత్ ద పోలీస్.’ ఐదోది అన్న దుకాణం వాక్యం: ‘ఎ క్యాండిడ్ ఫొటో ఆఫ్ ద బ్రైడ్.’

ఈ ఐదింటిలో పని చేసేది నాలుగోది. ‘లెస్ దాన్ క్యాండిడ్’ అంటే సూటిగా అబద్ధం ఆడాడని అనకుండా, నిజం పూర్తిగా చెప్పలేదని మర్యాదగా అనడం. అక్కడ ‘లెస్ దాన్ మోడర్న్ విత్ ద పోలీస్’ అని పెట్టి చదవమంటే విద్యార్థికే నవ్వొస్తుంది. తప్పును మనం చెప్పక్కర్లేదు, వాక్యమే చెబుతుంది.

తర్వాత తెలుగు. నిఘంటువు ఇచ్చే ‘నిష్కపటమైన’ దగ్గర ఆగితే లాభం లేదు, ఆ మాట ఆమె రోజూ వాడేది కాదు. నాలుగు తెలుగు పలుకుబళ్లు బోర్డు మీద రాసి, ఏది ఏ ఇంగ్లిష్ మాటకు నప్పుతుందో జత చేయించాం: దాపరికం లేకుండా, మొహమాటం లేకుండా, ముక్కుసూటిగా, కుండబద్దలు కొట్టినట్టు. క్యాండిడ్, ఫ్రాంక్, ఫోర్త్‌రైట్, బ్లంట్. కచ్చితమైన జోడీలు కావివి, అయినా తూకం తెలుస్తుంది. దాపరికం లేకపోవడంలో మాట్లాడేవాడు తన లోపలిది బయటపెడుతున్నాడు. కుండబద్దలు కొట్టడంలో ఎదుటివాడికి దెబ్బ తగిలినా పట్టించుకోవడం లేదు. తన తప్పు తాను ఒప్పుకునేవాణ్ణి క్యాండిడ్ అంటారు, బ్లంట్ అనరు. పరీక్షలో ‘క్యాండిడ్’కు వ్యతిరేకం అడిగితే వచ్చే గార్డెడ్, ఇవేసివ్, డిసీట్‌ఫుల్ అన్నీ ఈ ‘దాపరికం’ వైపువే. మోడర్న్ ఆ ఛాయల్లో కూడా లేదు.

పుట్టుక: తెలుపు నుంచి మనసుకు

ఇక అసలు ముచ్చట. లాటిన్‌లో ‘కాండేరే’ అంటే మెరవడం, తెల్లగా వెలగడం. దాని నుంచి ‘కాండిడుస్’, మెరిసే తెలుపు. లాటిన్ వాళ్లు తెలుపును రెండుగా చూశారు: మెరుపు లేని తెలుపు ‘ఆల్బుస్’, మెరిసే తెలుపు ‘కాండిడుస్’. మొదటిదాని నుంచి వచ్చినది ‘ఆల్బమ్’. రోమన్ల ఆల్బమ్ అంటే ప్రకటనలు రాసే తెల్లని పలక. అంటే అన్న దుకాణంలో తయారయ్యే ‘క్యాండిడ్ ఆల్బమ్’లో రెండు మాటలూ తెలుపువే. ఈ సంగతి పరీక్షకు పనికిరాదు. కానీ దీని తర్వాత ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టి వినడం మొదలుపెట్టింది.

క్యాండిడ్ ఇంగ్లిష్‌లోకి వచ్చింది 17వ శతాబ్దంలో. మొదట్లో ‘తెల్లని’ అన్న అర్థంలోనే వాడారు, అది తర్వాత వాడుక తప్పింది. మచ్చలేని తెలుపు నుంచి మచ్చలేని మనసు, దాని నుంచి పక్షపాతం లేని మనిషి. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో ‘క్యాండిడ్ వరల్డ్’ ముందు వాస్తవాలు ఉంచుతున్నామని ఉంటుంది. అక్కడ దాని అర్థం పక్షపాతం లేని లోకం. ఫ్రాంక్ అని చదివితే ఆ వాక్యం అతకదు. దాపరికం లేకుండా మాట్లాడడం అన్న అర్థం కూడా 17వ శతాబ్దంలోనే మొదలై, చివరికి మిగతావాటిని పక్కకు నెట్టింది.

ఈ దారి తెలుగువాళ్లకు కొత్తది కాదు. మన ‘తెలుపు’నే చూడండి. నామవాచకమైతే రంగు, క్రియ అయితే తెలియజేయడం. తెల్ల, తెలివి, తెలియు, తెల్లవారు, అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. స్పష్టమైనదాన్ని పాత తెలుగులో ‘తెల్లము’ అనేవారు, ‘తేటతెల్లం’లో అది ఇప్పటికీ బతికే ఉంది. చీకటి పోయి తెల్లగా అయితే కనిపిస్తుంది, కనిపిస్తే తెలుస్తుంది. లాటిన్ శతాబ్దాలు పట్టి నడిచిన దారిని తెలుగు ఒక్క ధాతువులో పెట్టుకుంది. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్ మాటల పుట్టుక చెప్పేటప్పుడు వాళ్ల చేతిలో ఇప్పటికే ఉన్న ఇలాంటి సరుకు వాడుకోకపోవడం పెద్ద నష్టం. ‘తేటతెల్లం’ అనే ఒక్క మాటతో ఈ అమ్మాయికి క్యాండిడ్ బండి పట్టాలెక్కింది.

ఇంకో కొక్కెం పక్క ఊరిదే. ‘కాండేరే’కూ సంస్కృతం ‘చంద్ర’కూ మూలం ఒకటే, మెరవడం. చంద్రుడంటే మెరిసేవాడు. తిరుపతి పక్కనున్న చంద్రగిరి బస్సు బోర్డు చూసినప్పుడల్లా గుర్తు చేసుకోమన్నాం. ఇక్కడొక జాగ్రత్త. క్యాండిడ్ సంస్కృతం నుంచి పుట్టిందని దీని అర్థం కాదు. రెండూ ఒక తాతకు మనవళ్లు, ఒకరు ఇంకొకరి కొడుకు కాదు. ‘ఇంగ్లిష్ మాటలన్నీ మన దగ్గర నుంచే పోయాయి’ అని నోట్సులో రాసుకునే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఆ వాక్యం కనిపిస్తే అప్పుడే కొట్టించాలి.

ఈ పనికి ఎటిమాన్‌లైన్ చాలు, ఇంగ్లిష్ మాటల పుట్టుక చెప్పే ఉచిత వెబ్‌సైట్ అది. దాన్ని చదవడం నేర్పాలి. అక్కడ కనిపించే సంవత్సరం మాట పుట్టిన సంవత్సరం కాదు, రాతలో మొదట దొరికిన కాలం. మూలధాతువు ముందు నక్షత్రం గుర్తు ఉంటే, అది ఎక్కడా రాసి దొరికినది కాదు, భాషల్ని పోల్చి పండితులు కట్టినది. ‘పర్‌హ్యాప్స్’, ‘ప్రాబబ్లీ’ అని ఉన్నదాన్ని నోట్సులో ‘నుంచి వచ్చింది’ అని రాసుకోకూడదు. ఈ మూడు తెలిస్తే వాట్సాప్‌లో తిరిగే మాటల పుట్టుక కథల్లో చాలా వరకు వాటంతటవే రాలిపోతాయి.

పాత అర్థాన్ని కలపడం

ఫొటో అర్థం ఎక్కడ కలుస్తుంది? 1920ల మధ్యలో చిన్న కెమెరాలు, వేగమైన లెన్సులు వచ్చాయి. ఎర్మనాక్స్ అనే కెమెరాతో జర్మన్ ఫొటోగ్రాఫర్ ఎరిక్ సాలమన్ దౌత్యవేత్తల్ని వాళ్లకు తెలియకుండా, ఫ్లాష్ లేకుండా తీశాడు. పోజు పెట్టని ఇలాంటి ఫొటోలకు ‘క్యాండిడ్’ అని పేరొచ్చింది ఆ కాలంలోనే. క్యాండిడ్ మనిషిలో మాటకు ముసుగు లేదు, క్యాండిడ్ ఫొటోలో మొహానికి ముసుగు లేదు. రెండు అర్థాలకూ ఉమ్మడి గుణం నటన లేకపోవడం. మోడర్న్ అనే ఊహ ఇక్కడ దానంతటదే వదిలిపోయింది: వందేళ్ల కిందటి ఫొటో కూడా క్యాండిడ్ కావచ్చు, నిన్న తీసిన పాస్‌పోర్టు ఫొటో కాదు.

‘మరి మా అన్న వాళ్లు కెమెరా వైపు చూడొద్దు, నవ్వుతూ మాట్లాడుకోండి అని చెప్పి తీస్తారే’ అని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. అది క్యాండిడ్‌లా కనిపించే పోజు. వ్యాపారంలో మాట కాస్త జారింది, అంతే.

మూడో రోజు: పద్ధతి బెడిసింది

మొదటి రోజు చివరి పది నిమిషాల్లో జరిగిన పొరపాటు మూడో రోజు బయటపడింది. పుట్టుక చెప్పే ఉత్సాహంలో కుటుంబం మొత్తం బోర్డు మీదకు ఎక్కింది: క్యాండిల్, క్యాండిడేట్, క్యాండర్, షాండిలియర్, ఇన్‌కాండెసెంట్, ఇన్‌సెన్స్, ఇన్‌సెండియరీ, ఫిజిక్సులో కాంతి తీవ్రతకు యూనిట్ అయిన క్యాండెలా. ఎనిమిది. మూడో రోజు ఖాళీలు పూరించమంటే ఆమె ‘హి స్పోక్ విత్ గ్రేట్ క్యాండిల్’ అని రాసింది; అక్కడ రావాల్సింది క్యాండర్, అంటే దాపరికం లేకపోవడం. ‘క్యాండిడేట్’కు అర్థం నిజాయితీ గల మనిషి అని రాసింది.

రెండు తప్పులకూ కారణాలు వేరు. మొదటిది, ఒకే పోలిక ఉన్న కొత్త మాటల్ని ఒకేసారి నేర్పితే అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. తెలిసిన మాట పక్కన ఒక్క కొత్త మాట మాత్రమే పెట్టాలి. క్యాండిల్ తెలుసు కాబట్టి పక్కన క్యాండిడ్. అది కుదిరాక, ఐదారు రోజుల తర్వాత ఇంకోటి. కుటుంబ వృక్షం చివరి రోజు బహుమతిలాంటిది, మొదటి రోజు మూట కాదు.

రెండో తప్పు లోతైనది. పుట్టుక తెలిస్తే అర్థం తెలిసినట్టే అనుకోవడం. రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్లు సుద్దతో మరింత తెల్లగా చేసిన టోగా కట్టుకుని జనంలో తిరిగేవారు. ఆ తెల్లబట్ట వల్ల ‘కాండిడాటుస్’, దాని నుంచి క్యాండిడేట్. తెలుపు బట్టది, మనసుది కాదు. మన దగ్గరా నామినేషన్ రోజు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తప్పనిసరి, దాన్ని బట్టి మనసు కొలిచే ఓటరు మాత్రం ఎవరూ లేరు. లాటిన్‌లోనే దారి రెండుగా చీలింది: ఒకటి బట్ట వైపు, ఒకటి మనసు వైపు.

దీన్ని సరిదిద్దడానికి ఆధారం మళ్లీ తెలుగులోనే దొరికింది. ‘తెల్లమొహం వేశాడు’ అంటే ఏమిటి అని అడిగాం. ఏమీ తెలియక బిక్కమొహం వేయడం. తెలివి, తేటతెల్లం ఉన్న చోటే తెల్లమొహం కూడా ఉంది. ఇంగ్లిష్‌లో ‘వైట్‌వాష్’ అంటే గోడకు వెల్ల వేయడమే కాదు, తప్పుల్ని కప్పిపుచ్చడం కూడా. అంటే క్యాండిడ్‌కు సరిగ్గా ఎదురు. రంగు ఒకటే. మూలం మాట ఎక్కడ బయల్దేరిందో చెబుతుంది, ఎక్కడ దిగిందో వాక్యాన్ని అడగాలి. అందుకే వాడుక ముందు, పుట్టుక తర్వాత అన్న క్రమం. మూడో రోజు నుంచి ఆమె నోట్సులో ప్రతి మాటకూ పైన వాక్యం, కింద అర్థం, అడుగున చిన్న అక్షరాల్లో పుట్టుక.

తెల్లనివన్నీ పాలు కావు

పోలిక చూసి కుటుంబంలో చేర్చేసే మాటలు కొన్ని ఉన్నాయి. ‘క్యాండీ’కి ఈ తెలుపుతో సంబంధం లేదు. సంస్కృతం ‘ఖండ’ పర్షియన్, అరబిక్ మీదుగా ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌కు చేరింది, అంటే మన కలకండలోని కండ. అందుకే ‘క్యాండీడ్ ఫ్రూట్’ అంటే చక్కెర పాకంలో ఊరిన పండ్లు, బేకరీలో టూటీ ఫ్రూటీ లాంటివి. దీన్ని క్యాండిడ్ అని చదివేవాళ్లు తక్కువేం కాదు. చెవికి దగ్గర, స్పెల్లింగులో ఒక్క ‘ఇ’ తేడా. ‘కిండిల్’, అంటే రాజేయడం, క్యాండిల్‌కు చుట్టమనిపిస్తుంది. అది స్కాండినేవియా వైపు నుంచి వచ్చిన వేరే మాట. ‘శాండల్‌వుడ్’లోని శాండల్ మన ‘చందనం’ నుంచి నడిచి వెళ్లినదే. కానీ కాలికి వేసుకునే శాండల్ గ్రీకుది, దానికి చందనంతో సంబంధం లేదు.

ఆ కుటుంబంలో నిజంగానే చేరేదీ, పరీక్షలో తరచు కనిపించేదీ ‘ఇన్‌సెన్స్‌డ్’. లాటిన్‌లో ముందు ‘ఇన్’ చేరితే ‘కాండ్’ కాస్తా ‘కెండ్’ అవుతుంది. ఇన్‌కెండేరే అంటే అంటించడం, రగిలించడం. గుళ్లో వేసే ధూపం, ఇన్‌సెన్స్, అందులోదే. అదే స్పెల్లింగుతో క్రియగా వాడితే కోపం రగిలించడం. ‘షి వాజ్ ఇన్‌సెన్స్‌డ్’ అంటే ఆమెకు ఒళ్లు మండింది. ఇంగ్లిష్ వాళ్లకూ మనకూ కోపం మంటే. ఈ మాటను పదో రోజు, ఒక్కదాన్నే ఇచ్చాం. మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

కార్డులు, రాత

కార్డు ఒక్కో మాటకు ఒకటి, అరచేతిలో పట్టేంత. ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం, వెనక మాట, తెలుగు పలుకుబడి, పుట్టుక ఒక్క లైను. ముందువైపు మాటే రాసేస్తే చదివి ‘ఆ, తెలుసు’ అనేసి తిప్పేస్తారు, గుర్తు తెచ్చుకునే పని జరగదు. తిరగేసే రోజులు 1, 3, 7, 21. తప్పితే ఆ కార్డు మళ్లీ మొదటికి.

ఏడో రోజు నుంచి సొంత వాక్యాలు, రోజుకు రెండు. వచ్చిన తప్పులు ఊహించినవే. ‘హి వాజ్ క్యాండిడ్ టు మీ’ అని రాసింది. తెలుగులో ‘నాకు చెప్పాడు’ అనే అలవాటు వల్ల ‘టు’ వస్తుంది. మనిషి ముందు ‘విత్’, విషయం ముందు ‘అబౌట్’. ‘హి ఈజ్ ఎ క్యాండిడ్’ అని క్యాండిడేట్ వాసనతో నామవాచకం చేసింది. నామవాచకం కావాలంటే క్యాండర్. ‘క్యాండిడ్‌నెస్’ నిఘంటువులో ఉన్నా పరీక్షలో అడిగేది క్యాండరే.

ఇరవై ఒకటో రోజు ఇచ్చిన కొత్త ప్రశ్నలో ‘క్యాండిడ్’కు వ్యతిరేకం గార్డెడ్ అని తటపటాయించకుండా పెట్టింది. వాక్యం రాయమంటే రాసింది: ‘మై బ్రదర్ ఈజ్ క్యాండిడ్ విత్ కస్టమర్స్ అబౌట్ ద ప్రైస్ ఆఫ్ క్యాండిడ్ ఫొటోస్.’ రెండు అర్థాలూ ఒకే వాక్యంలో, వేటి చోటు వాటిదే.

మిగిలిపోయింది ఒక్క స్పెల్లింగ్. వినిపించేది ‘క్యాండర్’ కాబట్టి చివర్లో ‘ఇ-ఆర్’ రాస్తోంది. పుట్టుక ఇక్కడ సాయం చేయదు. ఆనర్, కలర్ పక్కన పెట్టి ‘ఓ-యు-ఆర్’ గుంపుగా రాయించడం మొదలైంది. ఆ కార్డు ఇంకా మొదటి మెట్టులోనే ఉంది.